గుమ్మం బయటి బూట్లు

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో విక్టోరియా ఇంట్లోకి జోళ్లతో అడుగుపెట్టిన మనిషి లేడు. పైపులు బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు, టీవీ ఏంటెన్నా బిగించడానికి వచ్చిన మనిషి, ఆఖరికి లూథరన్ చర్చి పాస్టరుగారు కూడా గుమ్మం బయటే జోళ్లు విప్పి లోపలికి వచ్చినవాళ్లే. పాస్టరుగారి మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లుందన్న సంగతి ఊళ్లో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలకూ అలాగే తెలిసింది. విక్టోరియా పుట్టి పెరిగింది రేపల్లెలో, పేడతో అలికిన ఇంట్లో. అలాంటి మనిషికి గుమ్మం నుంచి వంటింటి దాకా లేతరంగు కార్పెట్ పరిచిన ఇల్లు దొరికితే దాన్ని ఎలా చూసుకుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఈ నియమం వల్ల 1990 ఆగస్టు దాకా ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

ఆమె ఆస్పత్రిలో నర్సు. భర్త మరియదాసుది కాళ్లు చేసే పని. కాళ్లు పోయినవాళ్లకు కొత్త కాళ్లు చేసి బిగించే పని అతను వెల్లూరులో నేర్చుకుని, అక్కడే పద్నాలుగేళ్లు చేశాడు. చేతిపనిలో దిట్ట. కాని వెల్లూరు సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదన్నారు. అందుకని ఊళ్లోని కృత్రిమ అవయవాల కేంద్రంలో నాలుగేళ్లుగా కాలు అతను చేసేవాడు, దానిమీద సంతకం ఇంకొకరు పెట్టేవారు. ఆ ఏడు పరీక్షలు రాసి నెగ్గాడు. ఇక తన పేరుతోనే కాలు చేయవచ్చన్నారు.

మరియదాసులో ఉన్న ఒకే ఒక్క లోపం, తనలో ఏ లోపమూ లేదనుకోవడం. కారు వెనక్కి తీస్తూ గోడను గుద్దితే తప్పు గోడది. అతను వండిన పులుసులో ఉప్పెక్కువైతే తప్పు ఆస్ట్రేలియా ఉప్పుది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. నాలుగో కాలేదని అడిగితే చేసి బిగించగలడు కూడాను. ఆదివారం చర్చిలో అందరూ కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన వచ్చినప్పుడు మాత్రం అందరికంటే పెద్ద గొంతు అతనిదే. మొత్తంగా పాపినని ఒప్పుకోవడానికి అతనికి ఏ అభ్యంతరమూ లేదు. ఫలానా రోజున ఫలానా తప్పు చేశానని మాత్రం ఆ నోట ఎవరూ వినలేదు.

అతని పేరుతో చేయబోయే మొదటి కాలు మెర్వ్ హానిగన్ అనే ఆయనకు. మెర్వ్ వియత్నాం యుద్ధానికి వెళ్లి, 1968లో మందుపాతర మీద అడుగువేసి, ఎడమకాలు మోకాలి కింద నుంచి పోగొట్టుకున్నాడు. ఆనాటి నుంచి నాలుగు కాళ్లు మార్చాడు. ఒక్కటీ నిలవలేదు. పుండు పడటం, డాక్టర్లు చూసి "నీ మొండికాలి ఆకారమే సరిగా లేదయ్యా" అనడం, ఆయన మళ్లీ చంకకర్రలు పట్టడం, ఇదే వరస.

అలాంటి మనిషి ఒకరోజు మాజీ సైనికుల క్లబ్బులో లేచి నిలబడి, టూవూంబా నుంచి బ్రిస్బేన్ దాకా నూట ముప్ఫై కిలోమీటర్లు నడుస్తానని ప్రకటించాడు. చక్రాల కుర్చీల్లో ఉన్న తన స్నేహితులు ఇల్లు కదలాలంటే కుర్చీని పైకెత్తే లిఫ్టు ఉన్న బస్సు కావాలి. దానికి చందాలు పోగుచేయడానికి ఈ నడక. మరియదాసుతో మాత్రం ఇంకొక మాట కూడా అన్నాడు.

"ఇది ఐదో కాలు, దాస్. ఇది నన్ను బ్రిస్బేన్ చేరిస్తే సరే. లేదంటే ఇక కాళ్ల జోలికి రాను. కుర్చీ ఒకటి కొనుక్కుని కూర్చుంటాను."

"నా చేతి కాలు, మెర్వ్ గారూ. సిడ్నీ దాకా నడుస్తారు," అన్నాడు మరియదాసు. ఇంగ్లీషులో మాట్లాడినా ఆ 'గారు' అతను వదలడు. అదేదో తన ఇంటిపేరును ఈ ఇండియన్ అలా పలుకుతున్నాడని మెర్వ్ చాలాకాలం అనుకున్నాడు.

ఆస్పత్రి వాసన మెర్వ్‌కు పడదు. అందుకని కేంద్రం నడిపే పెద్దాయన అనుమతి తీసుకుని, కాలు సరిచూసే పని మరియదాసు ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆరు శనివారాలు మెర్వ్ వచ్చాడు. చంకకర్రలు గోడకు ఆనించి, ఉన్న ఒక్క కాలి జోడు గుమ్మం బయట విప్పి, కొత్తకాలు తొడుక్కుని కార్పెట్ మీద అటూ ఇటూ నడిచేవాడు. మరియదాసు నేలమీద బోర్లా పడుకుని ఆ పాదాన్నే చూసేవాడు. పాదం ఒక వెంట్రుకవాసి అటు తిప్పేవాడు, ఇటు వంచేవాడు. ఒకసారి లేవబోయి పొరపాటున ఆ కొత్తకాలిని తన్ని, వెంటనే దాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు.

"అది ప్లాస్టిక్. దానికేం తెలుస్తుంది?" అన్నాడు మెర్వ్.

"నాకు తెలుసు కదండీ," అన్నాడు మరియదాసు.

ఆరో శనివారానికి మెర్వ్ ఆ కార్పెట్ మీద పెళ్లికొడుకులా నడిచాడు. మరియదాసు రెసిన్ పోసి కాలిని గట్టిపరిచేశాడు. ఇక దాన్ని తిప్పడానికీ వంచడానికీ వీల్లేదు. ఫారం నింపి, కింద తన పేరు రాసి, నాలుగేళ్ల ఆకలి తీరేలా పెద్ద సంతకం పెట్టాడు. తరువాత మెర్వ్ రెండు వారాలు పలచని కాన్వాసు జోళ్లతో ఊరంతా నడిచి సాధన చేశాడు. ఎక్కడా నొప్పి లేదు.

నడక మొదలైన రోజు ఉదయం క్లబ్బు ముందు బ్యాండుమేళం, చప్పట్లు. మెర్వ్ కాళ్లకు నల్లగా మెరిసిపోతున్న సైన్యం బూట్లు. ఆయన గాయపడ్డప్పుడు గుడారంలో మిగిలిపోయిన జత అది. మందుపాతర రోజున తొడుక్కున్నది పాతది. ఈ కొత్తదాన్ని స్నేహితులు తరువాత పెట్టెలో పెట్టి ఇంటికి పంపారు. ఇరవై రెండేళ్లుగా నెలకోసారి రెంటికీ పాలిష్ పట్టాడు కాని, రెండూ కలిపి ఎన్నడూ తొడగలేదు. ఈ నడకను ఆ బూట్లతోనే పూర్తిచేయాలని ఆయన కోరిక. బూట్ల మెరుపు అందరూ చూశారు. మరియదాసు కూడా చూసి, బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు.

ఆ నడకలో మొత్తం పదిమంది. ఎనిమిదిమంది చకచకా ముందు పోతుంటే, మెర్వ్, మరియదాసు వెనక నడిచారు. వాళ్ల వెనక విక్టోరియా సెలవుపెట్టి మరీ కారు నడుపుకుంటూ వచ్చింది. కారులో మందులపెట్టె, నాలుగు డబ్బాల పులిహోర, మరియదాసు పనిముట్ల సంచి. ఆ సంచిలో రంపం, ఆకురాయి, జిగురు, మొండికాలికి తొడిగే ఉన్ని సాక్సులు డజను. ఏ అవసరమొచ్చినా తడుముకోకుండా అన్నీ సర్దుకున్నాడు.

టూవూంబా కొండమీది ఊరు. మొదటిరోజంతా ఘాట్ రోడ్డు దిగడమే. సాయంత్రం విక్టోరియా మెర్వ్ కాలు విప్పి చూస్తే మొండికాలి ముందువైపు ఎర్రగా కందింది.

"ఏమండీ, ఇట్టా కందిందేంటి? టూ వీక్స్ ప్రాక్టీస్ చేశారుగా, అప్పుడు లేదే," అంది భర్తతో.

"కొండ దిగాడు గదే, కందదా? రేపట్నుంచి రోడ్డంతా ప్లెయిన్. అంతా సెట్ అయిపోద్ది," అన్నాడు మరియదాసు. నడిచేకొద్దీ మొండికాలు కాస్త తగ్గి కాలు వదులవుతుంది, అప్పుడు ఇంకో సాక్సు వేయాలి. అందులో తప్పేమీ లేదు కాబట్టి మర్నాడు ఒకటి అదనంగా వేశాడు.

రెండోరోజు దారి నిజంగానే చదునుగా ఉంది. రెండువైపులా ఉల్లిచేలు, గుమ్మడి తోటలు. మధ్యాహ్నం అయ్యేసరికి మెర్వ్ మాట తగ్గింది. గాటన్ ఊరు కనబడుతుండగా ఆయన ఒకచోట ఆగి, వెనక్కి తిరిగి దారిని చూశాడు.

"చిత్రంగా ఉంది, దాస్. ఇంత చదునుగా ఉన్న రోడ్డు మీద నాకింకా కొండ దిగుతున్నట్టే ఉంది," అన్నాడు.

మరియదాసు ఏదో అనబోయి, ఆయన బూట్లవైపు చూశాడు. అప్పుడు కనిపించింది, బూటు మడమ. రెండు వేళ్ల ఎత్తుంది.

కాలు చేసేవాడి విద్యంతా పాదాన్ని ఏ కోణంలో బిగించాడన్న దానిమీదే ఉంటుంది, ఆ కోణం జోడు మడమ ఎత్తును బట్టి మారుతుంది. ఉత్తకాలికి సరిపెట్టిన పాదం కింద ఇంతెత్తు మడమ పెడితే, మనిషి చదును నేలమీద ఉన్నా కాలు అతన్ని ముందుకు తోస్తూనే ఉంటుంది, అడుగడుగునా మొండికాలి ముందువైపు ఒరుసుకుంటుంది. వెల్లూరులో వచ్చేవాళ్లంతా ఉత్తకాళ్లతోనో, రబ్బరు చెప్పులతోనో నడిచేవాళ్లు. అక్కడ ఎవరినీ జోళ్ల సంగతి అడిగే పనిలేదు. ఇక్కడ ఫారంలో మొదటి గడే అది, ఏ జోడుతో నడుస్తారు అని. ఆ గడిలో మరియదాసు 'మామూలు' అని రాశాడు. ఆరు శనివారాలు ఆ పాదం పక్కనే పడుకుని వెంట్రుకవాసి తేడా పట్టిన మనిషి, గుమ్మం బయట ఏముందో ఒక్కసారి తల తిప్పి చూడలేదు.

చెప్పాల్సింది అప్పుడే. కాని చెప్తే ఫారం మళ్లీ పెద్దాయన బల్ల మీదికి వెళ్తుంది, సంతకం పోతుంది, మళ్లీ ఇంకొకరి పేరు కింద పని. తేలు కుట్టిన దొంగలా నిలబడి, చివరికి ఒక మాటన్నాడు.

"ఇంకో సాక్సు వేద్దాం, మెర్వ్ గారూ."

నిన్న వేసిన సాక్సు వైద్యం. ఈ సాక్సు అబద్ధం. ఆ తేడా అతనికి స్పష్టంగా తెలుసు. గాటన్‌లో అందరూ భోజనాలు చేస్తుంటే పులిహోర ముందు పెట్టుకుని మెతుకు ముట్టలేదు.

"మిమ్మల్ని చూస్తే నడిచేది ఆయనా మీరా అన్నట్టుంది. ఏమైంది?" అంది విక్టోరియా.

"ఏం కాలా. పులిహోరలో ఉప్పెక్కువైంది," అన్నాడు మరియదాసు. విక్టోరియా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చూసి, ఉప్పు సరిగ్గానే ఉందని గ్రహించి, ఇంకేమీ అడగలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఎప్పుడు అడగకూడదో ఆమెకు తెలుసు.

మూడోరోజు లెయిడ్లీ దారిలో, పదకొండు గంటలప్పుడు, మెర్వ్ రోడ్డు పక్కన ఒక కంచె దుంగమీద కూలబడి కాలు విప్పేశాడు. ఉన్ని సాక్సు మీద రూపాయంత నెత్తుటి మరక. విక్టోరియా కారాపి మందులపెట్టెతో పరిగెత్తుకొచ్చింది.

"కట్టు కట్టి కారెక్కించమ్మా. అయిపోయింది," అన్నాడు మెర్వ్. ఆయన గొంతులో కోపం లేదు, అదే ఘోరంగా ఉంది. "దాస్, నువ్వు మంచి కాలే చేశావు. డాక్టర్లు చెప్పిందే నిజం. నా మొండికాలే దేనికీ పనికిరాదు. నాలుగుసార్లు విన్నాను, ఐదోసారి నాకై నేనే తెలుసుకున్నాను. ఇంక చాలు."

కారు తలుపు తెరిచే ఉంది. మరియదాసు ఊరకే నిలబడితే చాలు, అంతా సజావుగా ముగిసిపోయేది. కాలు మంచిదే, సంతకం నిలుస్తుంది, పాపం మెర్వ్ మొండికాలు బాగాలేదని ఊరంతా జాలిపడుతుంది. ఆ మెర్వ్ వెళ్లి కుర్చీ కొనుక్కుంటాడు. ఆయన తలదించుకుని, ఎర్రగా చిట్లిన ఆ మొండికాలిని తిడుతున్నట్టు చూసుకుంటున్నాడు. మరియదాసు అది చూడలేకపోయాడు. వెళ్లి ఆయన ముందు నేలమీద కూర్చున్నాడు.

"మెర్వ్ గారూ, మీ కాలు మంచిదే. తప్పు నాది."

మెర్వ్ తలెత్తాడు. మరియదాసు ఆగకుండా చెప్పుకుపోయాడు. గుమ్మం బయట విప్పిన జోళ్ల సంగతి, కార్పెట్ సంగతి, 'మామూలు' అని రాసిన గడి సంగతి, రెండు వేళ్ల మడమ సంగతి. చివరికి, నిన్న మధ్యాహ్నమే తనకు తెలుసునన్న సంగతి కూడా చెప్పాడు. విక్టోరియా దూదిని చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఒక ఉల్లిగడ్డల లారీ వాళ్లను దాటుకుని పోయింది.

"మళ్లీ చెప్పు," అన్నాడు మెర్వ్.

"తప్పు నాదండీ."

"ఇంకొకసారి."

"నాదే. మీ కాలిది కాదు."

"ఇరవై రెండేళ్లు," అన్నాడు మెర్వ్. "నలుగురు కాళ్లు చేశారు, పదిమంది డాక్టర్లు చూశారు. ప్రతివాడూ నాదే తప్పన్నాడు. వాళ్లది అని ఒక్కడూ అనలేదు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తరువాత ముఖం గంటుపెట్టుకుని, "నిన్ననే చెప్పనందుకు నీ పళ్లు రాలగొట్టాలి. కాని నువ్వు కాళ్లే చేస్తావు, పళ్లు చేయలేవు," అన్నాడు.

"నేను టూవూంబా వెళ్లి మీ కాన్వాస్ షూస్ తెస్తా. గంటన్నరలో వచ్చేస్తా," అంది విక్టోరియా.

మెర్వ్ తల అడ్డంగా ఊపాడు. వంగి ఒక బూటు విప్పాడు, ప్లాస్టిక్ కాలి నుంచి రెండోది లాగాడు, రెంటినీ మరియదాసు ఒళ్లో పెట్టాడు.

"బ్రిస్బేన్ చేరాల్సింది ఇవే. మడమలు కోసెయ్."

మరియదాసు పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరి జోడు ఒళ్లో పెట్టుకున్నవాడు కాదు. అతను చెయ్యి వెనక్కి తీసుకుంటాడేమోనని విక్టోరియా చూసింది. తీసుకోలేదు. సంచిలోంచి రంపం తీసి, ఒక్క క్షణం మెర్వ్ ముఖంలోకి చూసి, ఇరవై రెండేళ్ల పాలిష్ మీద రంపం పెట్టాడు. మడమ గట్టి రబ్బరు. ఒక్కొక్కటి కోయడానికి పావుగంట పట్టింది. ఆకురాయితో రెండూ సమంగా అరగదీసి, బల్లపరుపుగా ఉన్నాయో లేదో కారు బానెట్ మీద పెట్టి చూసి, విక్టోరియా పుండుకు కట్టు కట్టాక కొత్తకాలు తగిలించి, బూట్లు తనే తొడిగాడు.

మెర్వ్ లేచి నాలుగడుగులు వేశాడు. ఆగాడు. ఇంకో నాలుగు వేశాడు.

"రోడ్డు చదునైంది," అన్నాడు.

పుండు మానడానికి ఆ మధ్యాహ్నం, మర్నాడూ ఆగవలసి వచ్చింది. ఆరురోజుల నడక ఎనిమిది రోజులైంది. ముందుపోయిన ఎనిమిదిమందీ బ్రిస్బేన్ పొలిమేరలో ఆయన కోసం ఆగారు. నగరంలో చక్రాల కుర్చీల వరస ముందుకు మెర్వ్ నడిచి వెళ్లినప్పుడు, వాళ్లలో ఒకతను వంగి ఆ బూట్లను చూసి, మడమలేమయ్యాయని అడిగాడు. బరువెక్కువని పారేశానన్నాడు మెర్వ్. నిజానికి ఒకటి ఆయన జేబులో ఉంది, రెండోది మరియదాసు సంచిలో ఉంది.

సోమవారం ఉదయం మరియదాసు జరిగింది జరిగినట్టు రాసి పెద్దాయనకిచ్చాడు. అవసరం లేని పనే. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, మెర్వ్ అయితే చెయ్యనే చెయ్యడు. పెద్దాయన రెండుసార్లు చదివి, ఆరునెలలపాటు అతని ప్రతి కాలిమీదా ఇంకొకరి సంతకం ఉండాలని రాశాడు. మరియదాసు ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన వచ్చినప్పుడు అతని గొంతు ఎవరికీ వినబడలేదు. పెదవులు మాత్రం నిదానంగా, మాటమాటా చూసుకుంటూ కదులుతున్నాయి. విక్టోరియా అది గమనించి, ఇంటికొచ్చాక కోడిపలావు వండింది.

రెండు శనివారాలు గడిచాక బెల్లు మోగింది. బయట కారు దగ్గరున్న మరియదాసు జోళ్లతోనే గుమ్మం దగ్గరికి వచ్చాడు. గుమ్మంలో మెర్వ్, ఆయన పక్కన చంకకర్రల మీద ఇంకొకాయన. ఆయనకు కుడికాలు లేదు.

"వీడు పదేళ్లుగా కాలొద్దంటున్నాడు. ఎవరు చేసినా చివరికి నాదే తప్పంటారని," అన్నాడు మెర్వ్. "తప్పు చేస్తే చేశానని చెప్పే మనిషి దగ్గరైతే వస్తానన్నాడు. అలాంటివాడు నాకు ఒక్కడే తెలుసు."

"నా పేరుతో చేయడానికి లేదండీ ఇప్పుడు. వేరేవాళ్లు సంతకం పెట్టాలి," అన్నాడు మరియదాసు.

"నేను నడిచేది కాలిమీద. సంతకం మీద కాదు," అన్నాడు ఆ కొత్తాయన.

మరియదాసు కారులోంచి ఫారం తీసుకొచ్చి మొదట అడిగింది ఒకటే. "మీరు ఏ జోడుతో నడుస్తారండీ?"

ఆ కొత్తాయన తన ఒంటి బూటు చూపించాడు. పొలం పనికి వేసుకునేది, అరంగుళం మట్టి పట్టి ఉంది. మెర్వ్ అలవాటు ప్రకారం గుమ్మం దగ్గర వంగి లేసులు విప్పబోయాడు.

"విప్పొద్దు," అంది విక్టోరియా లోపలినుంచి. గుమ్మం నుంచి వంటింటి దాకా కార్పెట్ మీద పాత దుప్పట్లు రెండు వరసగా పరిచి ఉన్నాయి. తలుపు మూసుకుపోకుండా కింద ఒక నల్లటి రబ్బరు ముక్క అడ్డం పెట్టి ఉంది. "మీరిద్దరూ అట్టాగే లోపలికి రండి. బూట్లతోనే."

బూట్లు రెండూ, ఒంటి బూటు ఒకటీ దుప్పట్ల మీద మట్టి రాలుస్తూ లోపలికి వెళ్లాయి. ఫారం చేత్తో పట్టుకుని, వాళ్ల వెనకే మరియదాసు కూడా కాలు లోపల పెట్టబోయాడు.

"మీరెక్కడికి?" అంది విక్టోరియా. "మీరు బయట విప్పి రండి."